జీపీఎస్, వైఫై, కెమెరా: పాత కీబోర్డు ఫోన్లలో ఏదో ఒకటి ఎందుకు ఉండేది కాదు?

పాతఫోన్ల_పెట్టె (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. కీబోర్డు ఉన్న పాత ఆఫీసు ఫోన్లు కనిపిస్తే కొని దాచుకునే అలవాటు నాది. ఈ మధ్య బ్లాక్‌బెర్రీ కర్వ్ 8310, 8320 రెండూ దొరికాయి. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. అదే కీబోర్డు, తెర మీద కదలడానికి వేలితో తిప్పే అదే ట్రాక్‌బాల్, అదే 2 మెగాపిక్సెల్ కెమెరా, అదే 1150 ఎంఏహెచ్ బ్యాటరీ. కానీ 8310లో జీపీఎస్ ఉంది, వైఫై లేదు. 8320లో వైఫై ఉంది, జీపీఎస్ లేదు. రెండూ 2007లో వచ్చినవే. ఆ ఏడాదే వచ్చిన 8820లో జీపీఎస్, వైఫై రెండూ ఉన్నాయి, కెమెరా మాత్రం లేదు.

అంటే మూడింట్లో ఏ రెండు కావాలో తేల్చుకోండి, మూడూ ఒకే ఫోన్లో ఇవ్వం అన్నట్టుంది. బ్లాక్‌బెర్రీలో మూడూ కలిసి రావడానికి 2008లో బోల్డ్ 9000 దాకా ఆగాల్సి వచ్చింది. ఇది అప్పటి టెక్నాలజీకి నిజంగా కుదరక జరిగిందా, లేక కావాలనే కోత పెట్టారా? అప్పట్లో వాడినవాళ్లు, ఆఫీసుల్లో వీటి బాగోగులు చూసినవాళ్లు, రిపేర్లు చేసినవాళ్లు ఉంటే చెప్పండి. ఏ ఫోన్ గొప్పదన్న గొడవ వద్దు. ఏది ఎందుకు వదిలేశారో తెలుసుకోవాలనుంది.

సింబియన్_శ్రీను (బెంగళూరు)

మంచి టాపిక్ అన్నా. నేను కొంచెం టెక్నాలజీ వైపే మాట్లాడతాను. 2007లో అన్నీ ఒకే ఫోన్లో పెట్టడం కుదిరింది, నోకియా ఎన్95లో పెట్టారు కూడా. 5 మెగాపిక్సెల్ కెమెరా, జీపీఎస్, వైఫై, 3జీ అన్నీ ఉన్నాయి. కానీ అందులో వేసిన బ్యాటరీ 950 ఎంఏహెచ్. ఆ ఫోన్ వాడినవాళ్లని అడగండి, సాయంత్రానికి చార్జర్ వెతుక్కునేవాళ్లు. కీబోర్డు ఫోన్లలో చూస్తే అదే ఏడాది వచ్చిన ఈ90 కమ్యూనికేటర్‌లోనూ అన్నీ ఉన్నాయి, బరువు 210 గ్రాములు.

ఆఫీసు ఫోన్ కొనేవాడు ముందు అడిగేది చార్జింగ్ ఎంతసేపు నిలుస్తుందనే. 1999లో వచ్చిన తొలి బ్లాక్‌బెర్రీ పేజర్ ఒక్క ఏఏ సెల్‌తో వారాల తరబడి నడిచేది. ఆ పేరు మీదే ఆ కంపెనీ పైకొచ్చింది. అలాంటివాళ్లు 1150 ఎంఏహెచ్ మీద వైఫై, జీపీఎస్ రెండూ పెట్టి ఆ పేరు చెడగొట్టుకుంటారా? కాబట్టి నా లెక్కలో ఇందులో కోత కంటే జాగ్రత్తే ఎక్కువ.

డాలస్_తెలుగోడు

శ్రీను గారూ, బ్యాటరీ మాట నిజమే కానీ 8310, 8320 విషయంలో అసలు సంగతి ఆపరేటర్లది. అమెరికాలో 8320ని ముందు అమ్మింది టీ-మొబైల్. వాళ్లకి 3జీ లేదు, ఇళ్లలో సిగ్నల్ బలహీనం. అందుకని వైఫై మీద నుంచి మామూలు కాల్స్ వెళ్లే యూఎంఏ అనే పద్ధతి తెచ్చారు. దానికి వైఫై ఉన్న ఫోనే కావాలి. 8310 ఏటీ అండ్ టీ చేతికెళ్లింది. వాళ్లు నెలనెలా డబ్బు తీసుకుని దారి చూపించే నావిగేషన్ సర్వీసు అమ్ముతున్నారు. దానికి జీపీఎస్ కావాలి, వైఫై ఉంటే వాళ్లకి నష్టం, ఎందుకంటే డేటా ప్లాన్ వాడకం తగ్గుతుంది. ఫోన్ ఒకటే, ఎవరు ఏది అమ్ముకుంటారో దాన్ని బట్టి లోపలి సరుకు మారింది.

నేను వాడింది 8320. సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు ఇంట్లో వైఫైకి తగిలిస్తే అమెరికా నంబర్‌కి వచ్చే ఆఫీసు కాల్స్ రోమింగ్ పడకుండా అక్కడే మాట్లాడేవాణ్ణి. మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో సిగ్నల్ అసలు ఉండేది కాదు, అక్కడా వైఫైతోనే గడిచింది. ఆ ఒక్క సౌకర్యం ముందు జీపీఎస్ లేని లోటు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇంకో ఉదాహరణ. నోకియా ఈ61లో వైఫై, 3జీ ఉన్నాయి. అదే ఫోన్ని 2006లో సింగ్యులర్ అనే ఆపరేటర్ అమెరికాలో ఈ62 పేరుతో అమ్మింది, వైఫై తీసేసి, 3జీ తీసేసి. 3జీ తీసేయడానికి కారణం ఉంది, ఈ61లో ఉన్న 3జీ బ్యాండ్ అమెరికాలో పనికిరాదు. మరి వైఫైకి ఏ బ్యాండ్ అడ్డం వచ్చింది? అది కోతే.

సర్వర్_రూమ్ (హైదరాబాద్)

కెమెరా సంగతి నేను చెప్తాను. 2006 నుంచి చాలాకాలం ఒక ఐటీ కంపెనీలో మెయిల్ సర్వర్లు, ఆఫీసు మెయిల్‌ని ఫోన్లకి పంపే బ్లాక్‌బెర్రీ సర్వర్ చూశాను. 8800, 8820ల్లో కెమెరా లేకపోవడం మాకు లోటు కాదు. ఆ ఫోన్లు కొనడానికి కారణమే అది. విదేశీ క్లయింట్ల పని చేసే ఓడీసీల్లోకి (ఆ పనికే కేటాయించిన ఆఫీసు భాగాల్లోకి) కెమెరా ఉన్న ఫోన్ తీసుకెళ్లనిచ్చేవారు కాదు. కెమెరా ఉంటే గేటు దగ్గర డిపాజిట్ చేసి టోకెన్ తీసుకోవాలి. ఇరవై నాలుగ్గంటలూ అందుబాటులో ఉండాల్సిన మేనేజర్ తన ఫోన్ గేటు దగ్గర వదిలి లోపలికి వెళ్తే ఆ ఫోన్ ఎందుకు?

నోకియా ఈ61లోనూ కెమెరా లేదు. మరుసటి ఏడాది ఈ61ఐలో 2 మెగాపిక్సెల్ పెట్టారు. మా దగ్గర కొందరు కావాలని పాత ఈ61నే అడిగేవారు.

పాతఫోన్ల_పెట్టె

సర్, ఒక డౌటు. బ్లాక్‌బెర్రీ సర్వర్ నుంచి ఐటీ పాలసీ (ఫోన్‌లో ఏది పనిచేయాలో చెప్పే ఆదేశం) పంపితే కెమెరా పనిచేయకుండా ఆపొచ్చు కదా? అలాంటప్పుడు కెమెరా లేని మోడల్ వేరే తయారుచేయాల్సిన పనేముంది?

సర్వర్_రూమ్ (హైదరాబాద్)

ఆపొచ్చు, చేశాం కూడా. కెమెరా, బ్లూటూత్, బయటి యాప్‌లు, ఏది కావాలంటే అది సర్వర్ దగ్గర కూర్చుని ఆపేయొచ్చు. ఫోన్ పోతే మొత్తం తుడిచేయొచ్చు. కానీ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకి పాలసీ కనపడదు, వెనకాల లెన్స్ కనపడుతుంది. ఆయనకి ఇచ్చిన ఆర్డరు ఒక్కటే: లెన్స్ ఉంటే లోపలికి వద్దు. ఆయన తప్పేమీ లేదు. కొన్ని చోట్ల లెన్స్ మీద స్టిక్కర్ అంటించి, బయటికొచ్చేటప్పుడు అది చిరిగిందా లేదా అని చూసేవారు. సాఫ్ట్‌వేర్‌తో మూసింది పై అధికారికి సరిపోతుంది. తలుపు దగ్గర మనిషికి మాత్రం కంటికి కనిపించే తేడా కావాలి. ఫ్యాక్టరీలోనే కెమెరా లేకుండా వచ్చిన ఫోన్‌తో ఆ వాదన ఉండదు.

పామ్ కంపెనీ ఫోన్ ట్రియో 650ని కూడా కెమెరా ఉన్నది, లేనిది అని రెండు రకాలుగా అమ్మారు. కాబట్టి మీ మూడింటి లెక్కలో కెమెరా వేరే లెక్క. అక్కడ టెక్నాలజీ అడ్డంకి లేదు. పైగా కెమెరాకి పోయే చోటు మిగలడం వల్ల కావచ్చు, సైజు వల్ల కావచ్చు, 8800 వరసలో బ్యాటరీ 1400 ఎంఏహెచ్ వేశారు. రోజంతా మీటింగుల్లో తిరిగేవాళ్లకి అది బాగా అక్కరకొచ్చింది.

సింబియన్_శ్రీను (బెంగళూరు)

గార్డు పాయింట్ నేనెప్పుడూ ఆలోచించలేదు, బాగా చెప్పారు. ఆపరేటర్ల సంగతి కూడా ఒప్పుకోవాల్సిందే, అమెరికా వరకూ. మన దేశంలో అయితే ఫోన్లు ఎక్కువగా ఆపరేటర్‌తో ముడిపెట్టకుండా అమ్మారు కాబట్టి ఆ కోతలు మనకి తక్కువ తగిలాయి. మనకి తగిలింది వేరు. ఎంటీఎన్‌ఎల్, బీఎస్‌ఎన్‌ఎల్ 3జీ మొదలుపెట్టింది 2008 చివర, 2009 మొదట్లో. ప్రైవేటు కంపెనీలది 2010 వేలం తర్వాతే. అంటే ఈ61 కొన్న మనిషి 3జీ రేడియోకి డబ్బు కట్టి, దాన్ని ఏళ్ల తరబడి వాడుకోలేకపోయాడు. అతనికి నిజంగా పనికొచ్చింది వైఫై. అందుకే ఇక్కడ 2జీ, వైఫై ఉన్న ఫోన్ ఏ రకంగానూ తక్కువ కాదు. 2009లో కర్వ్ 8520 వచ్చింది చూడండి. 3జీ లేదు, జీపీఎస్ లేదు, వైఫై ఉంది. కాలేజీ పిల్లల చేతుల్లో అదే ఎక్కువ కనపడేది.

కృష్ణలంక_లాయర్ (విజయవాడ)

నమస్కారం. నాకు లోపలి టెక్నాలజీ అంత తెలియదు, వాడిన మనిషిగా చెప్తాను. కోర్టు పనికి నేను నోకియా ఈ63 వాడాను. మా సీనియర్ గారిది ఈ71. రెండూ చూడ్డానికి దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఈ71కి స్టీలు వెనక మూత, జీపీఎస్, ఆటోఫోకస్ ఉన్న 3.2 మెగాపిక్సెల్ కెమెరా. నాది ప్లాస్టిక్, జీపీఎస్ లేదు, 2 మెగాపిక్సెల్ కెమెరాకి ఫోకస్ మార్చే వీలు లేదు.

ఈ ఫోకస్ తేడా మాకు చాలా పెద్దది. ఫైల్లో ఒక కాగితం ఫోటో తీసుకోవాలంటే దగ్గరగా పెట్టాలి. దగ్గరగా పెడితే నా ఫోన్లో అక్షరాలు అలుక్కుపోయేవి. ఆయన ఈ71లో టీ అనే అక్షరం ఉన్న బటన్ నొక్కి పట్టుకుంటే ఫోకస్ కుదిరేది, తర్వాత మధ్య బటన్ నొక్కితే ఫోటో. ఆర్డర్ కాపీ చదవగలిగేటట్టు వచ్చేది. ఆ టీ బటన్ సంగతి తెలియక కెమెరా బాగోలేదని ఈ71ని తిట్టుకున్నవాళ్లు మా లాయర్ల బార్ అసోసియేషన్‌లోనే ఉన్నారు.

అయితే నా దాంట్లో మామూలు 3.5 ఎంఎం ఇయర్‌ఫోన్ పట్టేది. ఆయన ఈ71లో 2.5 ఎంఎం కన్నం, దానికి వేరే పిన్ను కావాలి. ఇంకొకటి, కరెంటు పోతే స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే నా ఈ63 టార్చి వెలిగేది. వేసవిలో కరెంటు కోతల రోజులవి. మెట్లు దిగడానికి, ఫైలు వెతకడానికి దాన్ని ఎంత వాడానో. ఖరీదైన ఫోన్లో లేనివి తక్కువ ధర ఫోన్లో పెట్టారు, అది మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జగదీష్_మార్కెట్_రిపేర్ (ఆబిడ్స్)

మేడమ్, ఈ71 మందం 10 మిల్లీమీటర్లు. అందులో 1500 ఎంఏహెచ్ బ్యాటరీ, స్టీలు ఫ్రేము. సన్నగా కనపడటానికి దాన్ని అలా బిగించారు. విప్పి చూస్తే ఎక్కడా వేలు పెట్టేంత ఖాళీ ఉండదు. పెద్ద జాక్ పట్టించాలంటే లోపల చోటు కావాలి. ఈ63 మందంగా ఉంటుంది, దాంట్లో చోటుంది. మీ ఫోన్ చవక అని కాదు, లావు అని జాక్ వచ్చింది. నేను విప్పినవాటిని బట్టి చెప్తున్నా. తర్వాత ఈ72లో పెద్ద జాక్ పట్టించారు.

మా షాపులో చూసిన ఇంకో తేడా ట్రాక్‌బాల్. కర్వ్, 8800, బోల్డ్ అన్నీ దానివే. నెలలు గడిచే కొద్దీ చెమట, దుమ్ము లోపల చేరి పైకి తిరుగుతుంది, కిందికి తిరగదు. చాలామంది అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అనుకుని వచ్చేవారు. పైన రింగు సన్నటి పరికరంతో లేపితే బాల్ యూనిట్ మొత్తం బయటికొస్తుంది. గోళీ చుట్టూ నాలుగు చిన్న రోలర్లుంటాయి. వాటి మీద నల్లగా పేరుకున్న మడ్డి తీసి, స్పిరిట్‌తో తుడిచి పెడితే మళ్లీ కొత్తదానిలా తిరుగుతుంది. కానీ ఎంత తుడిచినా మళ్లీ వచ్చేది. 8520లో ట్రాక్‌ప్యాడ్ వచ్చాక మాకు ఆ పని పోయింది. కస్టమర్‌కి మంచిదే అయింది.

నోకియా వాళ్లు ఈ61లో జాయ్‌స్టిక్, తర్వాత ఈ61ఐ నుంచి నాలుగు వైపుల బటన్ పెట్టారు. దాంతో పెద్ద మెయిల్లో కిందికి పోవాలంటే టక టక నొక్కుతూనే ఉండాలి. సుఖం బాల్‌లో ఉంది, మన్నిక బటన్లో ఉంది.

డాలస్_తెలుగోడు

ఆబిడ్స్ అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సన్నదనం కోసం చేసిన త్యాగాల్లో మోటరోలా క్యూ ముందుండాలి. 2006లో 11.5 మిల్లీమీటర్ల మందంతో వచ్చి అందరూ వెనక్కి తిరిగి చూసేలా చేసింది. వైఫై లేదు, బ్యాటరీ చాలదు. చివరికి వెనక ఉబ్బెత్తుగా ఉండే పెద్ద బ్యాటరీ వేరే కొని తగిలించుకునేవారు. అప్పుడు ఆ సన్నదనం ఎటు పోయినట్టు? శాంసంగ్ బ్లాక్‌జాక్‌కి అయితే పెట్టెలోనే రెండో బ్యాటరీ ఇచ్చారు. నాకు అది నిజాయితీగా అనిపించింది. ఒకటి చాలదని వాళ్లకీ తెలుసు.

ట్రియో_అభిమాని (విశాఖ)

బ్లాక్‌బెర్రీ, నోకియా మధ్య పామ్‌ని మరిచిపోవద్దండీ. మీరడిగిన "నిజంగా కుదరకపోవడం" అంటే ఏమిటో ట్రియో 600, 650లు చూపిస్తాయి. 2003లో వచ్చిన 600లో డేటా అంతా మామూలు ర్యామ్‌లో ఉండేది. చాలా వేగం. కానీ చార్జింగ్ పూర్తిగా అయిపోతే కాంటాక్టులు, అపాయింట్‌మెంట్లు అన్నీ పోయేవి. కంప్యూటర్‌కి తగిలించి మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. ఊరు వెళ్లినప్పుడు చార్జర్ మర్చిపోతే ఎంత టెన్షనో ఊహించుకోండి.

2004లో 650 వచ్చేసరికి డేటాని ఫ్లాష్ మెమరీలోకి మార్చారు. బ్యాటరీ తీసేసినా ఏమీ పోదు. కానీ ఒక్కో చిన్న రికార్డుకీ కనీసం 512 బైట్ల గది కేటాయించేది. ఫోన్ నంబర్‌కి అంత చోటెందుకు? వేల కాంటాక్టులున్నవాళ్ల డేటా 600లో సరిపోయింది, 650లోకి పట్టలేదు. గోల ఎక్కువయ్యాక కంపెనీ కొన్నవాళ్లకి 128 ఎంబీ కార్డు ఉచితంగా ఇచ్చి, తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సర్దింది. ఒక భద్రత కోసం ఇంకో సౌకర్యం వదలడం అంటే ఇది. ఇందులో ఆపరేటర్ లాభం లేదు, గేటు గార్డు లేడు. ఇంజినీర్ ముందున్న చిక్కు అంతే.

పైన చిన్న స్విచ్ ఉండేది, జరిపితే ఏ స్క్రీన్‌లో ఉన్నా ఫోన్ మూగబోయేది. మీటింగుకి వెళ్లే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఫోన్ అది. ఇంత మంచి పని ఆ కాలంలో మిగతావాళ్లు చాలామంది ఎందుకు చేయలేదో అని బాధేస్తుంది.

నెల్లూరు_మెసేజీలు

అందరూ వైఫై, జీపీఎస్, కెమెరాలే మాట్లాడుతున్నారు. కీబోర్డు ఫోన్ కొన్నది టైపు చేయడానికి కదా! మనవాళ్లలో చాలామంది మెసేజీలు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. ఆ వాడకానికి బ్లాక్‌బెర్రీ పెర్ల్ 8100 ఎంత ఇబ్బందో వాడినవాళ్లకే తెలుసు. సన్నగా ఉండటం కోసం ఒక్కో బటన్ మీద రెండు అక్షరాలు పెట్టి, ఏ మాట కొడుతున్నారో ఫోనే ఊహించే ష్యూర్‌టైప్ పెట్టారు. ఇంగ్లీషు మాటలకి బ్రహ్మాండంగా పనిచేసేది. "వస్తున్నా", "తిన్నావా" అని కొడితే మాత్రం దాని నిఘంటువులో లేవు కాబట్టి ఏదో ఇంగ్లీషు ముక్క తెచ్చి పెట్టేది. కొట్టగా కొట్టగా నేర్చుకుంటుంది నిజమే, కానీ మనం ఒకే మాటని రోజుకో స్పెల్లింగుతో రాస్తాం, దానికి నేర్చుకునే వీలేదీ? పూర్తి కీబోర్డు ఉన్న కర్వ్‌కి మారాక ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషులో మెయిల్స్ రాసేవాడికి పెర్ల్ సన్నదనం లాభం, తెలుగులో మాట్లాడుకునేవాడికి నష్టం.

తెలుగు చదవడం ఇంకో కథ. ఆ ఫోన్లలో తెలుగు సైట్లు తెరిస్తే డబ్బాలే డబ్బాలు. ఒపెరా మినీ బ్రౌజర్లో సెట్టింగులుండే కాన్ఫిగ్ పేజీ తెరిచి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమని పెడితే అప్పుడు తెలుగు కనపడేది. అక్షరాల్ని వాళ్ల సర్వరే బొమ్మలుగా చేసి పంపేది. డేటా కాస్త ఎక్కువయ్యేది, అయినా మన పేపర్ మన అక్షరాల్లో ఫోన్లో చదివిన ఆ రోజులు నాకు చాలా ఇష్టం.

సింబియన్_శ్రీను (బెంగళూరు)

నెల్లూరు అన్నా, ఒపెరా మినీ కాన్ఫిగ్ సంగతి గుర్తుచేసినందుకు థాంక్స్. ఈ71లో నేనూ అలాగే చదివాను.

అందరూ వదిలేసిన ముక్క ఒకటుంది, మెయిల్. వైఫై, 3జీ లేకుండానే బ్లాక్‌బెర్రీ ఎలా నెగ్గుకొచ్చింది? మెయిల్ మొత్తం ఫోన్‌కి పంపదు. బ్లాక్‌బెర్రీ కంపెనీ సొంత సెంటర్ గుండా కుదించి, మొదట 2 కేబీ ముక్క పంపుతుంది. కిందికి జరిపితేనే మిగతాది వస్తుంది. అటాచ్‌మెంట్‌ని సర్వర్ దగ్గరే విప్పి, చూడ్డానికి సరిపడా పంపుతుంది. జీపీఆర్‌ఎస్ (2జీ నెట్) నత్తనడకలో కూడా మెయిల్ టక్కున వచ్చినట్టు అనిపించేది అందుకే. ఈ71లో మెయిల్ ఫర్ ఎక్స్ఛేంజ్ అనే యాప్ పెట్టుకుంటే మధ్యలో ఎవరూ లేరు, మీ ఆఫీసు సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది. ప్రత్యేక ప్లాన్ అక్కర్లేదు. కానీ ఆ కనెక్షన్ ఎప్పుడూ తెరిచి ఉంచాలి, దానికి చార్జింగ్ ఖర్చు.

సర్వర్_రూమ్ (హైదరాబాద్)

సరిగ్గా చెప్పారు. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2003కి సర్వీస్ ప్యాక్ 2 అప్‌డేట్‌తో, మెయిల్ నేరుగా ఫోన్‌కి చేరే డైరెక్ట్ పుష్ వచ్చాక మా మేనేజ్‌మెంట్ అడిగిన మొదటి ప్రశ్న, "బ్లాక్‌బెర్రీ సర్వర్ లైసెన్సులు ఇంక ఎందుకు?" అని. డబ్బు లెక్కలో వాళ్లది న్యాయమే. కానీ అన్నీ ఒకే సెంటర్ గుండా వెళ్లడంలో లాభం, ప్రమాదం రెండూ ఉన్నాయి. 2011 అక్టోబరులో ఆ సెంటర్ దెబ్బతిన్నప్పుడు మన దేశంతో సహా చాలా దేశాల్లో రోజుల తరబడి మెయిల్స్ నిలిచిపోయాయి. మా సర్వర్ బాగానే ఉంది, టవర్ బాగానే ఉంది, అయినా మెయిల్ రాదు. ఫోన్ల మీద ఫోన్లు. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ వారం ఈ71 పట్టుకున్నవాళ్ల పని మాత్రం ఆగలేదు.

పాతఫోన్ల_పెట్టె

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. అడిగినదానికంటే చాలా ఎక్కువ దొరికింది. వైఫై, జీపీఎస్ విడదీసింది ఆపరేటర్లు, కెమెరా తీయించింది ఆఫీసు గేటు, జాక్ చిన్నదవడానికి కారణం సన్నదనం, ట్రియో గొడవ మెమరీది. ఒక్కో లోటుకి ఒక్కో యజమాని ఉన్నాడు.

ఆఖరుగా ఒకటి అడుగుతాను. 8310, 8320 రెండింట్లో ఇప్పుడు ఏదైనా వాడుకునే వీలుందా? రెండూ ఆన్ అవుతున్నాయి.

సర్వర్_రూమ్ (హైదరాబాద్)

2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీలకి సర్వీసులు ఆపేశారు. ఆ తర్వాత కాల్స్, మెసేజీలు కూడా నమ్మకంగా పనిచేస్తాయని చెప్పలేమని కంపెనీయే ప్రకటించింది. 8320 వైఫైకి తగులుకున్నా దాని మెయిల్ వెళ్లాల్సిన సెంటర్ లేదు కాబట్టి ఉపయోగం లేదు. 8310 జీపీఎస్‌కి మాత్రం ఎవరి సర్వరూ అక్కర్లేదు, పైనున్న శాటిలైట్లు చాలు. ఆరుబయట ఆకాశం కనపడే చోట పెట్టి, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో జీపీఎస్ తెరిచి రిఫ్రెష్ నొక్కండి. కొంచెం ఓపిక పట్టాలి. అక్షాంశం, రేఖాంశం వస్తే అది బతికున్నట్టే. మ్యాప్ మాత్రం రాదు, అది నెట్ నుంచి దించుకునే రకం.

జగదీష్_మార్కెట్_రిపేర్ (ఆబిడ్స్)

అన్నా, ఆన్ చేసే ముందు రెండింటి వెనక మూత తీసి బ్యాటరీ చూడండి. టేబుల్ మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరిగిందంటే ఉబ్బినట్టే, అది వాడొద్దు, చార్జింగ్ అసలే పెట్టొద్దు. వాటిది సీ-ఎస్2 బ్యాటరీ. 8520కి కూడా అదే పడుతుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. పాత స్టాకు కొనకండి, ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్నది చార్జింగ్ పట్టదు. ట్రాక్‌బాల్ గట్టిపడి ఉంటే బలవంతంగా తిప్పొద్దు, రింగు పగులుతుంది. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎలా లేపాలో చెప్తాను.